పోశెట్టి హాజరు కాని పాఠం

తబూక్ పక్క కొండల్లో మంచు పడుతుందంటే మా మెట్‌పల్లిలో ఇప్పటికీ ఎవరూ నమ్మరు. "సౌదీల మంచేందే? ఎండకు కండ్లు తిరిగినయా?" అని నవ్వుతారు. పడుతుంది. ప్రతి ఏడాదీ కాదు, పడినా రెండు మూడు రోజులే. ఆ రెండు మూడు రోజులు ఎవరి ప్రాణమూ పోకుండా చూడడానికి ఆ ఘాట్ దారిమీద ఒక ముఠా ఏడాదంతా పని చేస్తుంది. నేను ఆ ముఠాలో పంతొమ్మిదేళ్ళు ఉన్నాను. మొదట తాడుకు వేలాడి రాళ్ళు రాల్చేవాణ్ణి. తర్వాత ముఠా మేస్త్రీనయ్యాను. చివరి ఏళ్ళలో అదే పని చేసేవాళ్ళకు ఏటేటా పాఠం చెప్పాను.

ఈమధ్య మా వైపు నుంచి ముగ్గురు కుర్రవాళ్ళు ఆ పనికే వెళ్తూ ఫోన్ చేశారు. "ఎట్లుంటదే పని?" అని అడిగారు. బాగానే ఉంటుంది, జాగ్రత్త అన్నాను. పెట్టేశాక నాకే సిగ్గనిపించింది. జాగ్రత్త అనే మాట నాకూ చెప్పారు. దానివల్ల ఒక్క రాయి కూడా ఆగలేదు. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇకామా కార్డు, జీతం, ప్రమోషన్ల సంగతి ఏజెంటు చెప్తాడు. ఏజెంటుకు తెలియనిది నేను చెప్తాను.

మంచు కింద రాయి

కాగితం మీద మా పనికి పెద్ద ఇంగ్లీషు పేరుంది. మేము మాత్రం 'రాళ్ళ డ్యూటీ' అనుకునేవాళ్ళం. ఎండాకాలం తాడు కట్టుకుని కొండ గోడమీదికి దిగి, గునపంతో రాయిని కొట్టి చూడాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. వదులు రాయి కుండ పగిలినట్టు బొదబొదమంటుంది. వదులుదాన్ని కింద దారి మూసి రాల్చేయాలి. చలికాలం వస్తే కొండను కనిపెట్టుకుని ఉండాలి.

అక్కడి మంచు తనంతట తాను మనిషిని చంపేంత పడదు. చంపేది దాని కింది రాయి. పగలు కరిగిన నీళ్ళు బీటలోకి దిగుతాయి. చలికి గడ్డకట్టి ఉబ్బుతాయి, చీలను దిగ్గొట్టినట్టు రాయిని నెడతాయి. గడ్డగా ఉన్నంతసేపు ఆ మంచే జిగురులా రాయిని పట్టుకుంటుంది. పొద్దున పదింటికి ఎండ తగలగానే జిగురు వదులుతుంది. సరిగ్గా అదే వేళకు తబూక్ నుంచి జనం కార్లేసుకుని, పిల్లల్ని, తివాచీల్ని, గహ్వా కాఫీ ఫ్లాస్కుల్ని తీసుకుని మంచు చూడడానికి వస్తారు. ఎండ హాయిగా ఉందని కొండ గోడకు ఆనుకుని కూర్చుంటారు.

ఇదంతా నాకు మొదటి ఏడాదే చెప్పారు. తెలుసు అనుకున్నాను. నా తప్పు అక్కడ మొదలైంది.

నేగి సార్

ప్రతి ఏడాదీ చలికాలం ముందు మూడు రోజులు మళ్ళీ బడి ఉండేది. చెప్పేది నేగి సార్. హిమాచల్ ఆయన, ఫౌజులో మంచు కొండలమీద మనుషుల్ని వెతికి తీసే పనిచేసి రిటైరయ్యాడు. కుడిచేతి రెండు వేళ్ళ కొసలు చలికి పోయాయి. హిందీలో, గొంతు పెంచకుండా చెప్పేవాడు.

మొదటి రోజు ఒకటే మాటతో మొదలుపెట్టేవాడు. "నేను మీకు కొత్త సంగతులు చెప్పడానికి రాలేదు. మీకు తెలిసిన వాటిలో ఈ ఏడాదికి ఏవి అబద్ధమైపోయాయో చెప్పడానికి వచ్చాను."

మాకది చెవికెక్కేది కాదు. అయిదో ఏడు, ఆరో ఏడు వచ్చేసరికి వెనక కుర్చీల్లో కునుకు తీసేవాళ్ళం. ముఠాలో గుల్ ఖాన్ ఒక్కడే ముందు కూర్చునేవాడు. పాకిస్తాన్‌లో స్వాత్ వైపు మనిషి, చిన్నప్పటి నుంచి మంచులో పెరిగినవాడు. మాకంటే అతనికే ఎక్కువ తెలుసు, మాకంటే అతనే ఎక్కువ ప్రశ్నలు అడిగేవాడు. "ఈ మాస్టర్ సాబ్ వల్ల చాయ్ వేళ దాటిపోతున్నది" అని నేనూ పోశెట్టీ గొణుక్కునేవాళ్ళం.

పోశెట్టిది నిర్మల్ దగ్గర ఊరు. ఎనిమిదేళ్ళు ఒకే తాడుకు వేలాడినవాళ్ళం మేమిద్దరం. పైన ఒకరు పట్టుకుంటే కింద ఒకరు దిగాలి. పైవాడి మీద నమ్మకం లేకపోతే ఆ పని ఒక్క రోజు కూడా చేయలేం. నా కంటే నాలుగేళ్ళు చిన్న. నన్ను అన్నా అనేవాడు.

నేను పెట్టిన సంతకం

ఎనిమిదో ఏడు, ఆ బడి మూడో రోజు మధ్యాహ్నం పోశెట్టికి పన్ను పోటు లేచింది. దవడ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, సామాన్ల బండి తబూక్ పోతున్నది. పన్ను పీకిచ్చుకొనొస్త. నా సంతకం నువ్వే గీకు."

"సార్ ఏదో మారిందంటుండురా. గీ పూట విని పోరాదు?"

"ఏం మారుతదే? ఎనిమిదేండ్ల సంది అదే పాట. నువ్వు వింటవు గద, పొద్దుమీకి నాకు చెప్పు."

నేను మేస్త్రీని. హాజరు పట్టీ నా చేతిలోనే ఉంది. అతని పేరు ఎదురుగా పెన్నుతో గీకాను. ఒక్క క్షణం పని. దొంగతనమని అప్పుడు అనిపించలేదు, సాయమనిపించింది.

ఆ పూట నేగి సార్ విజిల్ సంగతి మార్చాడు. అంతకుముందు ఒక పొడుగు విజిల్ వినపడితే ఉన్నచోటే ఆగి, గోడకు అతుక్కోవాలి. పైనుంచి వచ్చే రాయి ఎగిరి మన నెత్తి దాటి దారిమీద పడుతుంది. నిటారు గోడకు అది సరైన పద్ధతి. కానీ ఆ ఏడు మాకు కొత్తగా ఒక కొండ సందు అప్పగించారు. అక్కడ గోడ వాలుగా ఉంటుంది, నిండా గులకరాళ్ళు. ఆ సందులో గోడకు అతుక్కుంటే పైదంతా మనమీదికే జారుతుంది. "ఇకనుంచి పొడుగు విజిల్ అంటే ఆగడం కాదు, అడ్డంగా పక్కకు పరుగు. ఎర్ర రంగు వేసిన రాతి వెన్ను దాకా" అని చెప్పి, అందరి చేతా బయట పదిసార్లు పరిగెత్తించాడు. గుల్ ఖాన్ పదకొండోసారి కూడా పరిగెత్తాడు. మేము నవ్వాం.

సాయంత్రం పోశెట్టి దవడ ఉబ్బి, మందులేసుకుని పడుకుని ఉన్నాడు. పొద్దున చెప్దామనుకున్నాను. పొద్దున వేరే పని తగిలింది. తర్వాత మూడు వారాలు ఎవరూ విజిల్ ఊదలేదు. నిజం చెప్తున్నాను, దాచిపెట్టలేదు, భయపడలేదు. మరిచిపోయాను. అంతే. ఇంతకంటే పెద్ద కారణం ఉంటే బాగుండునని చాలా ఏళ్ళు వెతుక్కున్నాను. లేదు.

విజిల్

మంచు పడి ఆగిన మర్నాడు ఆ సందులో అయిదుగురు పని చేస్తున్నారు. కింద దారిమీదికి జారిన రాళ్ళు తీసేయాలి. నేను ఎదురు గట్టుమీద నిలబడి పైకి చూస్తున్నాను. ఆ రోజు కాపలా నాదే. మెడలో విజిల్.

పదింటికి కొంచెం ముందు ఎండ సందు పైభాగాన్ని తాకింది. మొదట చిన్న చప్పుడు వినిపించింది, గింజలు చాటలో జారినట్టు. పైన తెల్లటి మంచులో నల్లటి గీత ఒకటి కనపడింది. చూస్తుండగానే అది వెడల్పయింది.

ఊపిరంతా పెట్టి విజిల్ ఊదాను.

నలుగురు అడ్డంగా పరిగెత్తారు. ఒకడు ఆగాడు. పార కింద పడేసి, రెండు చేతులూ చాచి గోడకు అతుక్కుపోయాడు. ఎనిమిదేళ్ళ నుంచి నేర్పింది ఎంత శుద్ధంగా చేయాలో అంత శుద్ధంగా చేశాడు.

"పోశెట్టీ! పక్కకురా! పక్కకు ఉరుకు!" అని అరిచాను. మళ్ళీ విజిల్ ఊదాను. విజిల్ విన్నకొద్దీ ఇంకా గట్టిగా అతుక్కున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, అతన్ని అక్కడ కట్టేసింది నేనే అని.

మంచూ గులకరాళ్ళూ కలిసిన ముద్ద, తడి సిమెంటు జారినట్టు, చప్పుడు కూడా పెద్దగా లేకుండా వచ్చి అతన్ని కప్పేసింది. ఒక్క హెల్మెట్ దొర్లుకుంటూ దారిమీదికి వచ్చి ఆగింది.

గట్టు దిగి ఎట్లా పరిగెత్తానో తెలియదు. నేరుగా ఆ కుప్పమీదికి దూకబోతుంటే ఎవరో నడుం పట్టి వెనక్కి లాగారు. గుల్ ఖాన్.

"పహలే ఊపర్ దేఖో! లింగా, పహలే ఊపర్!"

ముందు పైకి చూడమని నా పేరు పెట్టి అరిచాడు. పైన ఇంకా సగం ముద్ద వేలాడుతోంది. నేను దూకి ఉంటే అదీ వచ్చేది. గుల్ ఖాన్ ఒక మనిషిని పైకి చూస్తూ ఉండమని నిలబెట్టాడు. హెల్మెట్ ఎక్కడినుంచి దొర్లిందో ఆ గీత వెంట సన్న ఇనుప కమ్మీతో గుచ్చుకుంటూ పోయాడు. అడుగు, గుచ్చు. అడుగు, గుచ్చు. నేగి సార్ క్లాసులో మేము నవ్వుకుంటూ చేసిన పని అది. ఏడోసారో ఎనిమిదోసారో కమ్మీ మెత్తగా దిగింది. "ఇక్కడ" అన్నాడు.

పైనుంచి తవ్వలేదు, పక్కనుంచి తవ్వాం. నా చేతిలోంచి పార లాక్కుని ఇంకొకతను తవ్వాడు. మొదట భుజం, తర్వాత ముఖం. నోట్లో నిండా మంచు. గుల్ ఖాన్ వేలితో తీసేశాడు. పోశెట్టి దగ్గాడు.

ప్రాణం దక్కింది. కుడికాలు మోకాలి కింద నుజ్జయింది. తబూక్ ఆసుపత్రిలో అది తీసేశారు.

రిజిస్టరు ఏం చెప్పింది

మూడో రోజు ఖోబర్‌లో ఉన్న కంపెనీ పెద్దాఫీసు నుంచి ఇద్దరు విచారణకు వచ్చారు. అంతకుముందు మా సైటు ఇంజనీరు ఫారిస్ నన్ను కంటైనర్ ఆఫీసుకు పిలిచాడు. జోర్డాన్ ఆయన. మేము ఇంజనీరనే అర్థంలో అరబ్బీలో ముహందిస్ అని పిలిచేవాళ్ళం. చెడ్డమనిషి అని మాత్రం నేను అనను. రెండు రోజులు ఆసుపత్రి బెంచీమీదే కూర్చున్నాడు, పోశెట్టి ఇంటికి ఫోన్ చేయించింది ఆయనే. కానీ భయపడ్డాడు. భయపడ్డ మంచివాడితో వేగడమే అన్నిటికంటే కష్టం.

ఆయన ముందు హాజరు పట్టీ ఉంది. వచ్చీరాని హిందీలో చెప్పాడు. "లింగా, చూడు. మూడు రోజులూ సంతకం ఉంది. మనం నేర్పాం. విజిల్ ఊదాం. అతను పరిగెత్తలేదు. తప్పు అతనిది. ఇంతే."

"అట్లా రాస్తే అతనికేమవుతుంది సార్?"

"వీసా ఇచ్చిన కఫీల్ ఎగ్జిట్ కొడతాడు. కాలు మానాక ఇంటికి పోతాడు. ఎట్లాగూ పోవాలి కదా."

"తప్పు అతనిదని రాసుకుని పోవాలా?"

ఫారిస్ కళ్ళు దించుకున్నాడు. ఆయనకు అప్పటికే అనుమానం ఉందని అప్పుడు తెలిసింది. ఆ మూడో సంతకంలో పేరు చివర నేను నా అలవాటు కొద్దీ చుక్క పెట్టాను. పోశెట్టి ఎప్పుడూ పెట్టడు.

బయటికి వచ్చి బండరాయిమీద కూర్చున్నాను. నాకూ ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు. చెప్తే నాకూ ఎగ్జిట్ కావచ్చు, జైలు కావచ్చు. చెప్పకపోతే ఎవరూ అడగరు. గంటసేపు కూర్చున్నాను. ధైర్యం వచ్చి లేచానని అనుకోకండి. పోశెట్టి స్పృహలోకి వచ్చాక మొదట అన్న మాట గుల్ ఖాన్ నాతో చెప్పాడు. "నేను గోడకు అతుక్కున్న గద, మరి ఎట్ల తగిలింది?" అని అతన్ని అడిగాడట. ఆ మనిషి ఆసుపత్రి మంచంమీద ఇంకా తన తప్పేంటో వెతుక్కుంటున్నాడు. అది మోయలేక లేచాను.

విచారణవాళ్ళ ముందు చెప్పాను. "ఆ సంతకం నాది. ఆ పూట అతను క్లాసులో లేడు. మారిన సంగతి నేను చెప్పలేదు."

ఒకాయన రాసుకోవడం ఆపి, "నువ్వేం చెప్తున్నావో తెలుసా?" అని అడిగాడు.

"తెలుసు సార్."

మర్నాడు ఆసుపత్రికి పోయి పోశెట్టికీ చెప్పాను. "సంతకం చెయ్యమన్నది నేనే. దానికి నిన్ను అననే" అన్నాడు. "కని పొద్దుమీకి చెప్తనంటివి. ఒక్క మాట. అన్నం తినుకుంట చెప్పినా అయిపోతుండె." తర్వాత ముఖం తిప్పుకున్నాడు. అతను ఊరికి వెళ్ళేదాకా మా ఇద్దరి మధ్య ఇంకో మాట లేదు. ఇప్పుడు నిర్మల్‌లో మిషన్ల రిపేరు షాపు పెట్టుకున్నాడు. రెండుసార్లు పోయాను. మంచినీళ్ళిచ్చాడు, కూర్చోమన్నాడు. అన్నా అని మాత్రం పిలవలేదు.

సులై, తర్వాత

నన్ను పంపేయలేదు. మేస్త్రీ పని తీసేసి రియాద్‌లో సులై గోదాముకు పంపారు. పది నెలలు పాత తాళ్ళు వేళ్ళతో తడిమి, నలిగినవాటిని కోసి పారేసే పని. అదే మంచిదయింది. ఏ తాడు ఎక్కడ తెగబోయిందో చూస్తుంటే, ఎంతమంది ప్రాణం ఎన్ని సన్న పోగులమీద నడిచిందో కనపడేది.

పది నెలల తర్వాత నేగి సార్ నన్ను పాఠాలకు తోడుగా అడిగాడు. ఎందుకని ఫారిస్ అడిగితే, "ఇన్నేళ్ళలో నేను చెప్పింది నిజంగా నేర్చుకున్నవాడు వీడొక్కడే. ఆలస్యంగా నేర్చుకున్నాడు, అంతే" అన్నాడట. అందులో మెచ్చుకోలు ఎంతో, వాత ఎంతో నాకిప్పటికీ తెలియదు.

పాఠాల గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్తాను. ఇంగ్లీషు స్లైడు తెరమీద వేసి చదివేవాడు పాఠం చెప్పడంలేదు, తన ఉద్యోగం కాపాడుకుంటున్నాడు. తెలుగు, ఉర్దూ, బంగ్లా చదివే మనుషుల ముందు ఇంగ్లీషు పెడితే వాళ్ళు తలూపుతారు. తలూపడం అంటే అర్థమైందని కాదు, చాయ్ ఎప్పుడని. నేను హాజరు పట్టీ తీసేయించలేకపోయాను, ఆఫీసుకు అది కావాలి. కానీ నా దగ్గర ప్రతివాడూ ఒంటితో చేసి చూపించాలి. విజిల్ ఊదితే పరిగెత్తి చూపించాలి. రాని మనిషి ఎవరైనా సరే, పన్ను పోటైనా, నాకంటే సీనియరైనా, కొండ కిందికి పోడు. దీనిమీద చాలామంది నన్ను తిట్టుకున్నారు.

ఇంకోటి. పాతవాళ్ళని చూసి భయపడండి. కొత్తవాడికి ఏమీ తెలియదు, కాబట్టి అడుగుతాడు. పదేళ్ళవాడికి పోయిన ఏడాది నిజం తెలుసు. పోశెట్టి కాలు పోయింది తెలియక కాదు, బాగా తెలిసి.

పడని రాయి

నేను పని చేసిన ఆఖరి చలికాలం సంగతి చెప్పి ఆపుతాను.

ఆ పొద్దున మంచు బాగా పడింది. తొమ్మిదిన్నరకే ఘాట్ దారి వంపు దగ్గర నలభై కార్ల దాకా ఆగాయి. పైన మా కన్ను ఎప్పుడూ ఉండే పెద్ద రాయి ఒకటుంది, లారీ అంత. దాని బీటకు అడ్డంగా సిమెంటు పట్టీ పెట్టి ఉంచాం. రాయి కదిలితే పట్టీ పగులుతుంది. దుర్భిణీతో చూశాను. పట్టీ పగిలి ఉంది.

దారికి అడ్డంగా గేటు వేయించాను. కింద కూర్చున్నవాళ్ళని లేపమని మనుషుల్ని పంపి, నేనూ వెళ్ళాను. కొందరు లేచారు. కొందరు పైకి చూసి, "ఏదీ, ఏమీ లేదే" అన్నారు. ఒక కుటుంబం రాయికి సరిగ్గా కింద తివాచీ పరిచి కూర్చుంది. ఆడమనిషి, నలుగురు పిల్లలు. నా వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. ఆమె చెయ్యి ఊపి, పది నిమిషాలు అంది. ఎండ అప్పుడే రాయి అంచు తాకుతోంది.

"అయ్యో, ఎట్ల చెప్పాల్రా దేవుడా వీళ్ళకు" అని నాలో నేనే అన్నాను.

పక్కన గ్లాసులు సర్దుతున్న పనామె తలెత్తింది. "ఏమన్నా, తెలుగోళ్ళా?"

రాయచోటి వైపు మనిషి, పేరు రమణమ్మ. ఆ ఇంట్లో ఆరేళ్ళుగా చేస్తోందని తర్వాత తెలిసింది. "అమ్మా, ఆ రాయి కదిలింది. ఇప్పుడే లేవాల. అడ్డంగా, ఆ మా కాపలా గుడిసె దిక్కు" అన్నాను.

ఆమె నన్ను ఇంకో ప్రశ్న అడగలేదు. చిన్నపిల్లని చంకన వేసుకుని, ఇంకోదాని చెయ్యి పట్టుకుని నడక మొదలుపెట్టింది. పిల్లలు ఏడ్చారు. వాళ్ళమ్మ కోపంగా అరుస్తూ మిగతా ఇద్దరితో వెనకే వచ్చింది. ఎక్కడికి పోయినా పిల్లలున్నచోటికే తల్లి వస్తుందని రమణమ్మకు తెలుసు.

తర్వాత నాలుగున్నర గంటలు దారి మూసి ఉంచాను. ఎండ ఆ గోడను వదిలేదాకా తెరవనన్నాను. హారన్లు. ఒకాయన కారు దిగి నా చొక్కా పట్టుకోబోయాడు. ఫారిస్ మూడుసార్లు ఫోన్ చేశాడు. "లింగా, ఏమైనా పడిందా?" "లేదు ముహందిస్." "మరి?" "పట్టీ పగిలింది." "పైనుంచి నామీద ఒత్తిడి ఉంది." "నామీద కూడా పైనుంచే ఉంది ముహందిస్. ఆ రాయి." "సరే. నీ ఇష్టం" అని పెట్టేశాడు. ఆయన కూడా ఆ ఏళ్ళలో ఏదో నేర్చుకున్నాడు.

ఈలోగా దారిమీది మంచంతా కరిగిపోయింది. పిల్లలకు ఆడుకోవడానికి ఏమీ మిగల్లేదు. రెండున్నరకు గేటు తీశాను. రమణమ్మ వాళ్ళ కారు పక్కనుంచి పోతూ కొంచెం ఆగింది. వెనక అద్దం దించింది.

"పడిందా అన్నా, రాయి?"

"లేదమ్మా."

"మా మేడం పొద్దున్నుంచి నన్ను తిడతానే ఉంది" అంది. ఫిర్యాదుగా కాదు, వార్తలా. అద్దం ఎక్కించుకుంది. వెళ్ళిపోయారు.

ఆ రాయి ఆ రోజు పడలేదు. మర్నాడూ పడలేదు. నేను ఫైనల్ ఎగ్జిట్ మీద ఇంటికి బయలుదేరిన రోజున కూడా, బస్సు కిటికీలోంచి చూస్తే, అక్కడే ఉంది. బహుశా ఇంకా వందేళ్ళు ఉంటుందేమో. మీరు సరిగ్గా చేశారో లేదో ఈ పనిలో కొండ మీకు చెప్పదు. మీరు తప్పు చేసినప్పుడే చెప్తుంది. అందుకే తిట్లు పడాలి, హారన్లు వినాలి, ఎవరో రమణమ్మ మీ వల్ల రోజంతా మాట పడాలి, చివరికి ఏమీ జరగకూడదు. ఏమీ జరగని ఆ రోజే మీ పని.

మళ్ళీ ఆ పట్టీ పగిలితే, నేను మళ్ళీ మూస్తాను.